మడవ కట్టుకొమ్మని చెప్పు

గట్టయ్య మామకు సమ్మె లేదు.

బాయి మొత్తం ఆగిపోయిన రోజున కూడా ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి వెళ్లేవాడు. గోదావరిఖనిలో బొగ్గుగనిని మేం బాయి అనే అంటాం. గేటు ముందు జెండాలు, మైకులు, టార్పాలిన్ల మీద కూర్చున్న కార్మికులు. వాళ్ల మధ్యలోంచి ఆయన తల వంచుకుని లోపలికి నడిచేవాడు. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు కాదు. పంపులు, ఫ్యాన్లు నడిపేవాళ్లను వదిలేయాలని యూనియన్లకూ తెలుసు, కంపెనీకీ తెలుసు. పంపు ఆగితే లోపల నీళ్లు లేస్తాయి. నీళ్లు లేస్తే, సమ్మె గెలిచినా దిగడానికి బాయి ఉండదు.

చెయ్యి అడ్డం పెట్టకపోయినా నోరు ఊరుకునేది కాదు. అందులో ముందుండేది మా బాపు సదానందం. ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు, ఇద్దరూ ఒకే ఏడు బాయిలో చేరారు, వరసకు బావా బామ్మర్దులు.

"ఏం బావా, నీళ్లకు జిందాబాద్ కొట్టనీకి పోతున్నవా?"

"పోతున్న. నువ్వు వారం సంది కొడుతున్నవ్, కంపెనీ ఇన్నదా? నా నీళ్లు నేను చెప్తే ఇంటయ్ బామ్మర్దీ."

టార్పాలిన్ల మీద అందరూ నవ్వేవాళ్లు. మామ కూడా నవ్వుతూనే పోయేవాడు గానీ, ఇంటికొచ్చాక ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదని ఆయన భార్య సారవ్వ అత్త చెప్పేది. తెలంగాణ కోసం జరిగిన పెద్ద సమ్మెలో రోజుల తరబడి బొగ్గు పెళ్ల కదల్లేదు. అప్పుడు కూడా ఆయన దిగాడు. ఇవన్నీ చూసి చూసి మామకు ఒక నమ్మకం కుదిరింది. ఈ లోకంలో ఏదైనా ఆగుతుంది గానీ పంపు ఆగదు. తన జీవితంలో చేసిన పెద్ద పనులన్నీ, ఒక పెద్ద తప్పుతో సహా, ఆయన ఆ నమ్మకం మీదే చేశాడు.

ఆయనది జైపూర్ దిక్కు ఊరు. మెట్ట భూమి, వాన మీద బతుకు. బాయిలో మొదట బొగ్గు నింపే పని దొరికింది. తట్టా, చెమ్మసు అనే వెడల్పు పారా పట్టుకుని బొగ్గును ఎత్తి టబ్బుల్లో పొయ్యడం, టబ్బును బట్టి కూలి. ఒకరోజు పైకప్పు నుంచి బండ జారి భుజం మీద పడింది. చెయ్యి ఉంది గానీ భుజం దాటి పైకి లేవదు. అలాంటి చేత్తో చెమ్మసు పట్టలేడని పంపు మీదికి మార్చారు. అప్పట్లో దాన్ని ఎవరూ గౌరవంగా చూసేవాళ్లు కాదు. టబ్బులు నింపేవాళ్లదే దమ్మున్న పని. "మా బావది కూసోని తినే కొలువు" అని మా బాపు వాడంతా చెప్పుకుని తిరిగాడట.

తర్వాత లోపలికి యంత్రాలు దిగాయి. వందమంది నింపే బొగ్గును ఇనప బకెట్టు ఎత్తి పోయడం మొదలైంది. తట్టా చెమ్మసూ స్టోరుకు చేరాయి. మా బాపులాంటి వాళ్లను జనరల్ మజ్దూర్లు అన్నారు. దారులు ఊడవడం, కేబుళ్లు మొయ్యడం, ఎవరు పిలిస్తే వాళ్ల వెనక పోవడం. జీతం తగ్గలేదు. కానీ తన ఒంటిబలానికి ఒక పేరుండేదని, ఇప్పుడు ఆ పేరు పోయిందని బాపు అప్పుడప్పుడు అనేవాడు. అదే కాలంలో మామ పని పెరిగింది. బొగ్గు తీసిన కొద్దీ కింద ఖాళీ పెరుగుతుంది, ఖాళీ పెరిగిన కొద్దీ నీళ్లు చేరుతాయి. చిన్న పంపు పోయి పెద్దది వచ్చింది, దాని పక్కన ఇంకోటి వచ్చింది. కూర్చుని తినే కొలువు అన్నవాళ్లే "నీదే నయం బావా" అనడం మొదలుపెట్టారు.

ఆ మోతలో ఏళ్ల తరబడి ఉండి మామకు చెవులు మందగించాయి. ఆయన మాట్లాడితే పక్కింటివాళ్లకు వినపడేది, ఆయనకు వినపడాలని అత్త కూడా అట్లాగే మాట్లాడేది. వాళ్ల ఇంట్లో రహస్యం అనేది సాధ్యమయ్యేది కాదు. ఏ సీరియల్లో ఎవరు ఏడుస్తున్నారో మాకు టీవీ పెట్టకుండానే తెలిసేది.

ఒకసారి నేను పరీక్షకు చదువుకుంటుంటే మామ వచ్చి, "ఏం రాసిన్రు బిడ్డా గా పుస్తకంల?" అని అడిగాడు. ఇంగ్లండులో మొదటి ఆవిరియంత్రాన్ని ఎందుకు చేశారో రాశారని చెప్పాను. రైలు కోసం కాదు, బట్టల మిల్లు కోసం కాదు, బొగ్గు బాయిలో నీళ్లు తోడడానికి అన్నాను. రెండుసార్లు గట్టిగా చెప్పించుకున్నాడు. తర్వాత మొహం విప్పారింది.

"అంటే అన్నిటికన్న ముందుగాల్ల పుట్టింది పంపా?"

"అవును మామా."

"సదానందం! ఇన్నవా? ఈ కరెంటు, రైళ్లు, నీ సెల్ఫోను, అన్నిటికీ పెద్దన్న నేనేనట!"

గోడ అవతలి నుంచి బాపు జవాబిచ్చాడు. "పెద్దోడివైతే ముందుగాల్ల నువ్వే పోతవ్ తియ్యి!"

నెల రోజులు ఆ కబురు కాలనీలో అందరికీ చెప్పాడు మామ.

లోపలి నుంచి తోడిన నీళ్లు బాయి వెనక ఒక లావు పైపులోంచి బయటపడేవి. సిమెంటు తొట్టిలో కాసేపు నిలిచి, నలుపు అడుక్కి దిగి, కాలువగా కిందికి పారేవి. కింద ఉన్న ఊరు సారవ్వ అత్త పుట్టిల్లు. బాయి తవ్విన కొత్తలో ఆ ఊరి బావులన్నీ ఎండిపోయాయట. ఊరు బాయిని తిట్టింది. తర్వాత ఈ నీళ్లు ఏడాది పొడుగునా పారడం చూసి తిట్టడం మానేసింది. ఏడాదికి రెండు కార్లు వరి వేసింది. ఆ కాలువకు పైపు వాగు అని పేరు పెట్టింది. వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ ఒకేలా పారే వాగు. చలికాలం పొద్దున దానిమీద పొగ లేచేది, నీళ్లు గోరువెచ్చగా ఉండేవి. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలకు అది వాగే.

పంపుకు మరమ్మతు వచ్చినప్పుడు ఒక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. మామ లోపలి ఫోనులో పైన ఉండే ఫోను ఆపరేటరుకు చెప్పేవాడు, "పంపు ఆగుతది, మడవ కట్టుకొమ్మని చెప్పు." మడవ అంటే పొలం గట్టులో నీళ్లు పారడానికి వదిలే గండి. దాన్ని మట్టితో మూస్తే మడిలో ఉన్న నీళ్లు మడిలోనే నిలుస్తాయి. ఫోను ఆపరేటరు ఆఫీసు వెనక్కి వెళ్లి కిందికి కేక వేసేవాడు. పొలంలో ఆడవాళ్లు ఒక్కటే అడిగేవాళ్లు, "ఏమైందట?" వాల్వు అంటే తొందరగా వస్తుంది. పంపులోంచి నీళ్లు కారకుండా బిగించే ప్యాకింగ్ అంటే ఒక పూట. మోటరు కాలిందంటే రెండు రోజులు. బడి మొహం చూడని ఆడవాళ్లు పంపు భాగాలను కార్తెల్లాగా నేర్చుకున్నారు. తర్వాత ఆ ఆపరేటరు చనిపోయి, ఆ కొలువు ఆయన బిడ్డ సంతోషికి వచ్చింది. సంతోషి గొంతు ఇంకా దూరం వినపడేది.

మామ ప్రావిడెంటు ఫండు నుంచి తీసిన డబ్బులతో ఏం చెయ్యాలన్న మాట వచ్చినప్పుడు అత్త మంచిర్యాలలో ఇంటి జాగా కొందామంది. మామ పైపు వాగు కింద పొలం కొందామన్నాడు.

"పంపు ఆగిపోతేనో?" అంది అత్త.

"సమ్మెల ఆగిందా? కరువుల ఆగిందా? దేశమంత బందు పెట్టిన్నాడు ఆగిందా?"

అత్త ఒప్పుకుంది. నిజంగానే, మరమ్మతుకు తప్ప ఎన్నడూ ఆగలేదు.

పొలం వాళ్ల సొంతం. ఇష్టం వచ్చినట్టు కొన్నారు. కానీ ఊరి కుంట వాళ్ల ఒక్కరిది కాదు. పక్కన ఓపెన్‌కాస్టు వచ్చినప్పుడు, భూమి మీది నుంచే తవ్వేసే ఆ పెద్ద గుంతలోంచి తీసిన మట్టిని పోయడానికి ఊరి పైనున్న జాగా అడిగారు. ఊరి కుంటకు వాన నీళ్లు దిగేది ఆ జాగా మీంచే. ఊరంతా పంచాయతీ దగ్గర కూర్చుంది. బాయి సంగతులు తెలిసినవాడని మామను పిలిచారు. పోశవ్వ అనే ముసలామె ఒక్కతే అడ్డం తిరిగింది.

"ఆడ మన్నుగుట్ట పోస్తే వాన నీళ్లెట్ల రావాలె? కుంట సచ్చిపోతది."

"కుంట నిండంగ ఎన్నడన్న సూసినవా అవ్వా ఈ నడుమ? వాగు పారుతుంటె కుంటెందుకు? నేనున్న గద, నీళ్లు నేనిస్త."

నేనున్న గద అన్నాడు. ఊరు ఒప్పుకుంది. మట్టిగుట్ట లేచింది. మామ కొడుకు అంజికి కంపెనీ కొలువు దొరకలేదు. మట్టి తీసే ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ డ్రైవరుగా చేరి, ఆ గుట్ట మీదికే మట్టి మోశాడు. "నాయిన నీళ్లు పోస్తడు, కొడుకు మన్ను పోస్తడు" అని పోశవ్వ ఎదురుపడ్డప్పుడల్లా అనేది. మామ అది కూడా నవ్వుతూ విన్నాడు.

బాయి మూస్తున్నారన్న మాటను నతానియేలు తెచ్చాడు. మా కాలనీ పిల్లవాడే. వాళ్ల నాన్న మామతో ఒకే షిఫ్టులో పని చేశాడు. చదువుకుని అదే బాయిలో అండర్ మేనేజరు అయ్యాడు. ఒక ఆదివారం ప్రార్థన అయిపోయాక, తెల్లచొక్కాతోనే నేరుగా మామ ఇంటికి వచ్చాడు.

"కాకా, మూసుడు ఖాయమైంది. నీ రిటైర్మెంటు నెలనే."

"మూయనియ్యి. ఎప్పటికన్న మూసేదే. పంపుకు ఎవలను పెడుతున్నరు నా తర్వాత?"

నతానియేలు దగ్గరికి జరిగాడు. "పంపు తీసేస్తున్నరు కాకా."

మామ తనకు సరిగా వినపడలేదనుకున్నాడు. మళ్లీ చెప్పమన్నాడు. నతానియేలు ఈసారి గట్టిగా చెప్పాడు. గోడ అవతల ఉన్న మాకూ వినిపించింది.

"ఎట్ల తీస్తరు? బాయి మునుగుతది గద!"

"మునగనీకే తీస్తున్నరు. బొగ్గు కన్న నీళ్లే ఎక్కువ ఎత్తుతున్నం కాకా. మన బొగ్గుతోని వచ్చే కరెంటు మన నీళ్లు తోడనీకే సరిపోతలేదు. పక్కన ఓపెన్‌కాస్టుల అదే బొగ్గు సగం ఖర్చుకు వస్తుంటె దీన్ని ఎవలు నడుపుతరు?"

"మరి ఆ నీళ్లతోని పండే వడ్లు? అవి ఏ లెక్కల రాసిన్రు?"

"నీళ్లు ఖర్చు కింద రాసిన్రు. బయటికి పోయినంక దానికి లెక్క లేదు కాకా."

నతానియేలు చెడ్డవాడు కాదు. కోత అయ్యేదాకా పంపు ఉంచమని మామ అడిగితే పైవాళ్ల దగ్గరికి వెళ్లి అడిగాడు. అడుగున ఉన్న చిన్న పంపులు అప్పటికే తీసేశారు, నీళ్లు వెనకే లేచి వస్తున్నాయి, ఆలస్యమైతే పెద్ద పంపు కూడా మునుగుతుందన్నారు. యంత్రాన్ని కాపాడాలి. వరి కంకి కట్టే వేళ, పొట్టమీద ఉంది, అది ఎవరి లెక్కలోనూ లేదు.

ఆ పూట పొలంలో ఉన్న అత్తకు మామ ఈ సంగతి చెప్పలేదు. ఊరికీ చెప్పలేదు. గోడ ఇవతల విన్న మేమూ చెప్పలేదు. బాయి మూస్తున్నారని ఊళ్లో అందరికీ తెలుసు. మూసినా పంపు ఉంటుందనే వాళ్లూ అనుకున్నారు. ఎవరైనా అడిగితే మామ తలూపేవాడు. ఆ తలూపడానికి అర్థం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. చివరి నిమిషంలో ఎవరో వచ్చి ఆపుతారని ఆశపడ్డాడో ఏమో.

మా దగ్గర రిటైరయ్యే రోజు పెళ్లిలాంటిది. దండలు, శాలువా, డప్పులు, బాయి గేటు నుంచి ఇంటిదాకా ఊరేగింపు, సాయంత్రం టెంటు కింద మటన్ భోజనం. ఆ పొద్దున మామ మామూలుగానే దిగాడు. నతానియేలు, ఇద్దరు ఎలక్ట్రీషియన్లు వెంట దిగారు. జరిగింది తర్వాత నతానియేలే మా బాపుకు చెప్పాడు.

పంపు కేబులు విప్పే ముందు స్విచ్చు మామ చేత్తోనే ఆపించాలని అధికారులు అనుకున్నారు. ఇన్నేళ్లు నడిపినవాడికి మర్యాద. మామ ఒక్క నిమిషం ఆగమని ఫోను దగ్గరికి వెళ్లాడు.

"సంతోషీ, పంపు ఆగుతది. మడవ కట్టుకొమ్మని చెప్పు."

పంపు తీసేస్తున్నారని పైన ఆఫీసులో అందరికీ తెలుసు. సంతోషికీ తెలుసు.

"ఏమైందని చెప్పాలె కాకా?"

మామ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"కాకా, కింద సారవ్వ చిన్నమ్మనే ఉన్నది. అడుగుతది. ఏందని చెప్పాలె?"

"ప్యాకింగ్ అని చెప్పు."

"నాతోని కాదు కాకా."

"చెప్పు బిడ్డా. నేను పైకొచ్చి అసలు మాట చెప్త."

సంతోషి ఆఫీసు వెనక్కి వెళ్లి కేక వేసింది. సారవ్వ అత్త పారతో మట్టి తీసి మడవ కట్టింది. పక్క పొలాలవాళ్లకూ చెప్పింది. పూట పని గదా అని గట్టు మీద సద్ది విప్పుకుంది.

మామ పైకి రాగానే మెడలో దండ పడింది. డప్పులు లేచాయి. ఊరేగింపు కాలనీ వైపు తిరిగింది. పొలం ఉన్నది దానికి అవతలి వైపు. మా బాపు డప్పుల ముందు ఆడాడు. "ఇగ నీకూ సమ్మే బావా, జిందాబాద్!" అని అరిచాడు. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. డప్పుల మోతలో వినపడలేదేమో అనుకున్నాం.

పొద్దు గూకుతుండగా అత్త టెంటులోకి వచ్చింది. మోకాళ్లదాకా బురద. భర్త రిటైర్మెంటుకు కొత్త చీర కట్టుకోవాల్సిన మనిషి.

"ప్యాకింగ్ ఇంక కాలేదా?" అంది.

మామ విస్తరి వైపు చూస్తూ ఉన్నాడు. నేను నీళ్ల జగ్గుతో పక్కనే ఉన్నాను. ఆయనకు వినపడిందని నాకు తెలుసు. అత్త తన మామూలు గొంతుతో, వాడంతా వినేలా మళ్లీ అడిగింది. "ప్యాకింగ్ కాలేదా అని అడుగుతున్న!"

 నతానియేలు విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. సంతోషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త వాళ్లిద్దరినీ చూసింది. తర్వాత మామ మెడలోని దండను చూసింది.

"పొట్టకొచ్చింది" అంది, ఎవరితోనూ కాకుండా. లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కుంది.

తెల్లారి పోశవ్వ వచ్చింది. గొడవ పడుతుందని మా బాపు ముందే వెళ్లి వాకిట్లో కూర్చున్నాడు. ఆమె గొడవ పడలేదు.

"నేనున్న గద అంటివి గట్టయ్యా."

"ఉన్న గద అవ్వా" అన్నాడు మామ. 

"నువ్వుంటే ఏం జేసుకోవాలె?" అని ఆమె మెల్లగా లేచి వెళ్లిపోయింది.

అంజి ఎక్కడినుంచో ట్యాంకరు తెచ్చి రెండు మడులు తడిపాడు. బోరు వేయించారు. కొంత లోతు పోయాక రాడ్డు ఉన్నట్టుండి జారిపోయింది, నీళ్లకు బదులు గాలి వచ్చింది. కింద బొగ్గు తీసిన ఖాళీ. నీళ్లు ఆ ఎత్తుకు లేవడానికి చాలా ఏళ్లు పడుతుందని, పక్కన ఓపెన్‌కాస్టు ఉన్నంతకాలం ఆ గుంతలోకి ఊరకుండా లేవనివ్వరని నతానియేలు చెప్పాడు. కుంట దిక్కు ఎవరూ చూడలేదు. అక్కడ ఇప్పుడు మట్టిగుట్ట నీడ తప్ప ఏమీ లేదు.

మామ మాత్రం రోజూ మొదటి షిఫ్టు వేళకు లేచి పైపు దగ్గరికి వెళ్లి వచ్చేవాడు. ఒకరోజు పైపు కూడా లేదు, కోసి తీసుకెళ్లారు. సిమెంటు తొట్టి అడుగున ఎండిన నల్లమన్ను పలకలు పలకలుగా లేచింది.

వరి ఈనింది, కానీ గింజ పట్టలేదు. అంతా తాలు. కోసినా కూలి దండగ అని ఊరివాళ్లు ఒక్కొక్కరే గొర్రెలను తోలుకోనిచ్చారు. అత్త అందరికన్నా చివర ఒప్పుకుంది. ఆ రోజు నేను వాళ్లిద్దరికీ అన్నం తీసుకుని వెళ్లాను. అత్త గట్టు మీద కూర్చుని ఉంది. మామ పార పట్టుకుని, ఆ రోజు అత్త కట్టిన మడవ దగ్గర నిలబడ్డాడు. అప్పటినుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎండకు రాయిలా గట్టిపడి ఉంది.

"ఇప్పుడెందుకది?" అంది అత్త.

"కట్టుమన్నది నేనే గద."

భుజం దాటి లేవని చేత్తో పార ఎత్తి కొట్టాడు. పెళ్లలు ఊడిపడ్డాయి. ఆగాడు, మళ్లీ కొట్టాడు. గండి తెరుచుకుంది. ఇటు మడి, అటు మడి, రెండూ ఒకేలా నెర్రెలు వారి ఉన్నాయి. ఆయన పక్కకు జరిగి, అలవాటు కొద్దీ, దారి ఇచ్చినట్టు నిలబడ్డాడు.

కాసేపటికి ఒక గొర్రెపిల్ల ఆ గండిలోంచి అవతలి మడిలోకి దిగింది.